ఆ డెల్టాలో ఈ డెల్టా వాళ్లు

అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ‘డెల్టా’ అంటే ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. కాలవ, కొబ్బరిచెట్టు, రెండు పంటలు... అదే డెల్టా! కానీ ఆ మాట మనది కాదు. గ్రీకు అక్షరమాలలో నాలుగో అక్షరం అది. ముక్కోణంలా ఉంటుంది. నైలు నది సముద్రంలో కలిసేచోట నేల కూడా అదే ఆకారంలో ఉందని ప్రాచీన గ్రీకులు దానికి తమ అక్షరం పేరే పెట్టేశారు. ఆ తర్వాత ఏ దేశంలో ఏ నది పాయలుగా చీలి సముద్రంలో కలిసినా ఆ నేలకి అదే పేరు ఖాయమైంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠలుగా విడిపోయే మన గోదావరికీ అలాగే వచ్చింది.

విచిత్రం ఏంటంటే, గ్రీకులు ఆ పేరు ఇంకోచోట కూడా పెట్టుకున్నారు. అక్కడ ఏ నదీ చీలలేదు. అమెరికాలోని షికాగోలో హాల్‌స్టెడ్, హారిసన్, బ్లూ ఐలాండ్ అనే మూడు వీధుల మధ్య ముక్కోణంలాంటి పేట ఒకటుండేది. బతుకుతెరువు కోసం వచ్చిన గ్రీకులు అందులో కాపురాలు పెట్టి, దానికి ‘డెల్టా’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేట ఇప్పుడు లేదు. దాని పక్కనే మిగిలిన గ్రీక్‌టౌన్ ఉంది. అక్కడి భోజనశాలల్లో ఏ ఆదివారం పూటో కాకినాడ యాసలోనో తణుకు యాసలోనో మాటలు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. గోదావరి డెల్టా వాళ్లు గ్రీకుల డెల్టాలో భోజనానికి వచ్చారన్నమాట!

కాయ ధర పడితే... కడలి దాటారు

గ్రీకులు షికాగోకి ఎందుకొచ్చారో చెబితే కోనసీమ రైతుకి ఠక్కున అర్థమవుతుంది. గ్రీసు దక్షిణాన పెలొపొనీస్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పల్లెలకి ఎండుద్రాక్షే ఆధారం. 1890ల్లో దాని ధర ఒక్కసారిగా కూలిపోయింది. కొబ్బరికాయ ధర పడిపోతే అంబాజీపేట మార్కెట్లో మొహాలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకి మిగతా కథ చెప్పాలా! కుర్రాళ్లు ఓడలెక్కారు. నాలుగు డబ్బులు సంపాదించుకుని వెనక్కి వచ్చేద్దామనే బయల్దేరారు. సంపాదించిన దాంట్లోంచి అక్కచెల్లెళ్ల కట్నాలకి పంపారు. పళ్ల బళ్లు తోశారు, మిఠాయి కొట్లు పెట్టారు, చివరికి హోటళ్లు తెరిచారు.

మన డెల్టా వాళ్లకీ కడలి దాటడం కొత్త కాదు. కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లినవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. తర్వాత గల్ఫ్ వచ్చింది. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు పంపిన డబ్బుతోనే ఊళ్లలో ఎన్నో డాబాలు లేచాయి. డాక్టర్లుగా, ఇంజినీర్లుగా అమెరికా వెళ్లినవాళ్ల ముచ్చట్లే ఎక్కువ వినిపిస్తాయిగానీ వలస వెళ్లడంలో వాళ్లు వెనకటివాళ్ల తర్వాతే!

ఇంకా వెనక్కి వెళితే రాకపోకలు అటు నుంచి ఇటూ ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భాషలో రాసిన నౌకాయాన గ్రంథం ‘పెరిప్లస్’ మన కృష్ణా, గోదావరి తీరాన్ని ‘మసాలియా’ అంది. సన్నటి నూలుబట్టలు అక్కడ విరివిగా తయారవుతాయని రాసింది. అప్పుడు ఆ నావికులకి ఈ తీరంలో ఎవరు ఏం వండిపెట్టారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

పేట పోయింది... పొయ్యి ఆరలేదు

అమెరికా గ్రీకులకి తలుపు ఎక్కువకాలం తెరిచి ఉంచలేదు. 1924 చట్టంతో గ్రీసు నుంచి ఏడాదికి వంద మందే రావాలన్నారు. మనవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. 1917 నుంచే అసలు రానివ్వలేదు. 1946లో మనకీ ఏడాదికి వంద మంది అన్నారు. 1965లో వచ్చిన కొత్త చట్టం ఈ దేశాలవారీ లెక్కలన్నీ ఎత్తేసింది. ఆ తలుపులోంచే గ్రీకుల కొత్త తరమూ వచ్చింది, తెలుగు డాక్టర్లూ ఇంజినీర్లూ వచ్చారు.

సరిగ్గా అదే ఏడాది షికాగోలో ఇంకోటి జరిగింది. పాత డెల్టా నేల మీద కట్టిన ఇల్లినాయి విశ్వవిద్యాలయం క్యాంపస్ తెరుచుకుంది. దానికోసం ఇళ్లు, కాఫీ కొట్లు, హోటళ్లు... వరసగా కూల్చేశారు. పక్కనే ఉన్న ఇటలీవాళ్ల పేటలో కూడా చాలా భాగం పోయింది. వలస వచ్చిన పేదల కోసం జేన్ ఆడమ్స్ 1889లో మొదలుపెట్టిన ‘హల్ హౌస్’లో రెండు భవనాలు మాత్రం మిగిలాయి. అమెరికాలో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడ. అవి ఇప్పుడు క్యాంపస్‌లోనే మ్యూజియంగా ఉన్నాయి. గ్రీకుల పేట నేల మీద ఇవాళ తెలుగు పిల్లలు ఎం.ఎస్. చదువుకుంటున్నారు!

పేట పోయాక గ్రీకులు హాల్‌స్టెడ్ వీధిలోనే కాస్త ఉత్తరానికి జరిగి మళ్లీ పొయ్యి వెలిగించారు. లంకల్లో ఏటిగట్టు కోసుకుపోతే ఇల్లు వెనక్కి జరిపి కట్టుకునేవాళ్లు గుర్తొస్తారు. 1968లో పార్థినాన్, 1971లో గ్రీక్ ఐలాండ్స్... ఇలా ఒకదాని పక్కన ఒకటి లేచాయి. గ్రీక్ ఐలాండ్స్ అంటే గ్రీకు లంకలు. గన్నవరం లంక వాళ్లకీ ముమ్మిడివరం లంక వాళ్లకీ ఆ బోర్డు చూడగానే నవ్వొస్తుంది!

మంట... ఓపా!

అమ్మానాన్నలు అమెరికా వచ్చేది ఎక్కువగా వేసవిలో. మొదటివారం పప్పు, ఆవకాయ, సూట్‌కేసులో తెచ్చిన జంతికలతో గడిచిపోతుంది. శనివారం అరోరా బాలాజీ గుడి, ఆదివారం లెమాంట్ రాముడి గుడి. తర్వాత ఊరు చూపించాలి కదా! సియర్స్ టవర్ ఎక్కిస్తారు. 2009 నుంచి దాని పేరు విల్లిస్ టవర్. సముద్రంలా కనిపించే మిషిగన్ సరస్సు చూపిస్తారు. అప్పటికి మధ్యాహ్నం రెండవుతుంది. పెద్దాయనకి షుగరు. పెద్దావిడ నీచు ముట్టదు. బర్గర్ల కొట్టు చూసి ‘‘నాకు ఆకలి లేదులే, మీరు తినండి’’ అంటుంది. ఆ మాటకి అర్థం ఏంటో కూతురికి తెలుసు. సరిగ్గా అలాంటప్పుడే అల్లుడికి గ్రీక్‌టౌన్ గుర్తొస్తుంది. టవర్ నుంచి సుమారు కిలోమీటరు. రైల్లో వచ్చేవాళ్లకి బ్లూ లైన్ మీద యుఐసి-హాల్‌స్టెడ్ స్టేషన్ దగ్గర.

లోపలికి అడుగుపెడితే గోల. గ్రీకు హోటల్లో నెమ్మదిగా మాట్లాడాలన్న నియమం ఉన్నట్టు కనిపించదు. పెళ్లి భోజనాల పందిట్లో కూర్చున్నట్టే ఉంటుంది. ఒక పళ్లెం వచ్చి బల్ల మధ్యలో పడితే అందరూ చేతులు చాచాల్సిందే. ఎవరి పళ్లెం వారిదని గిరిగీసుకుని తినే దేశంలో ఈ ఒక్క సంగతికే మనవాళ్లకి సగం ప్రాణం లేచొస్తుంది.

ఇంతలో పక్క బల్ల దగ్గర భగ్గుమని మంట లేస్తుంది. ‘‘ఓపా!’’ అని హోటలంతా అరుస్తుంది. పెద్దావిడ కుర్చీలోంచి లేవబోతుంది. కంగారేం లేదు. దాన్ని సగనాకీ అంటారు. చీజ్ ముక్కని వేయించి, పైన బ్రాందీ చల్లి, నిప్పంటించి, నిమ్మకాయ పిండి ఆర్పుతారు. ‘‘బ్రాందీయా! రామ రామ!’’ అని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. పెద్దాయన మాత్రం, ‘‘మంటకి ఆవిరైపోతుందిలే’’ అని ముక్క తుంపుతాడు. ఈ మంట గ్రీసు ఆచారం కాదు. అక్కడ చీజ్ వేయించి ఊరికే పెడతారు. నిప్పు ముట్టించే పద్ధతి తమదేనని పార్థినాన్ హోటల్ వారు చెప్పుకునేవారు. నిజం చెప్పాలంటే అందులో రుచికన్నా హడావుడే ఎక్కువ. కానీ పిల్లలు అది లేకుండా లేవరు.

ఆకు తినాలా... తియ్యాలా?

అసలు సంగతి తర్వాత వచ్చే పళ్లెంలో ఉంది. దాని పేరు డొల్మాదెస్. ఉప్పునీళ్లలో ఊరిన ద్రాక్షాకుల్లో బియ్యం, పుదీనా, సోపాకులాంటి ఇంకో ఆకు వేసి, వేలెడంత చుట్టలు చుట్టి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఉడికిస్తారు. ఆకులో చుట్టి ఆవిరికి ఉడికిన బియ్యం! అంబాజీపేట పరిసరాల్లో పుట్టినవాళ్లకి అది చూడగానే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? పొట్టిక్క! నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి, ఆవిరికి పెట్టేదే పొట్టిక్క. ఆకు వాసన పిండికి పట్టి, మామూలు ఇడ్లీ దాని ముందు తేలిపోతుంది.

అందుకే పెద్దావిడ మొదట చేసే పని, చుట్ట అంచు వెతికి ఆకు ఊడదీయడం. ‘‘అత్తయ్య గారూ, ఆకుతోనే తినేయాలండి’’ అంటాడు అల్లుడు. ‘‘ఆకు తినేదేంటి బాబూ, గేదెలా?’’ అంటుంది ఆవిడ. పనసాకు పిండికి వాసన ఇచ్చి పక్కకి తప్పుకుంటుంది. ద్రాక్షాకు వెన్నలా ఉడికి అన్నంలో కలిసిపోతుంది. ఒకసారి కొరికాక, పులుపు నాలుక్కి తగిలాక, ‘‘చింతచిగురు పులుపులా ఉందే’’ అని ఇంకోటి అందుకుంటుంది. అక్కణ్నుంచి భోజనం దారిన పడుతుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ చుట్టాల్లా పలకరిస్తాయి. మెలిజానొసలాతా అని నోరు తిరగని పేరు. తీరా చూస్తే కాల్చిన వంకాయ పచ్చడి. నిప్పుల మీద వంకాయ కాల్చి, తొక్క తీసి, మెదిపి, వెల్లుల్లి, నిమ్మరసం కలుపుతారు. పోపు ఒక్కటే తక్కువ! ఇంట్లో అయితే అదే వంకాయని చింతపండు రసంలో పిసికి పచ్చిపులుసు చేసుకునేవాళ్లం కదా అని బల్ల దగ్గర చర్చ మొదలవుతుంది. జాజీకీ అంటే కీరాదోస ముక్కల పెరుగుపచ్చడి. స్కొర్దాలియా అంటే వెల్లుల్లి ఘాటు నషాళానికి ఎక్కే బంగాళాదుంప ముద్ద. బామియెస్ ఉంటే వదలొద్దు. టమాటాలో మగ్గిన బెండకాయ అది! ఫావా అనే పప్పు ఉందేమో అడగాలి. అచ్చం ముద్దపప్పే, నెయ్యి బదులు ఆలివ్ నూనె, ఆవకాయ బదులు పచ్చి ఉల్లిపాయ. ఆ బదులు అంత గిట్టుబాటు కాదనే పెద్దాయన తీర్పు.

పెద్దాయనకి తరమొసలాతా ఇప్పిస్తే ఇంక మాట్లాడడు. గులాబీరంగులో ఉండే ఆ ముద్ద చేపగుడ్లతో చేస్తారు. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే పులస జన కోసం ఎదురుచూసిన మనిషికి ఆ రుచి వివరించి చెప్పాల్సిన పని లేదు. అయితే పులస జనకి ఇది సాటి అని మాత్రం అతని నోట అనిపించలేరు.

శాకాహారులూ... జాగ్రత్త!

గ్రీకు హోటల్లో శాకాహారికి పస్తు ఉండదు. అలాగని కళ్లు మూసుకుని తినడానికీ లేదు. డొల్మాదెస్‌లో రెండు రకాలు. ఒకదాంట్లో బియ్యం, ఆకులే ఉంటాయి. ఇంకోదాంట్లో గొడ్డుమాంసం కీమా కూడా కలుపుతారు. పైన పసుప్పచ్చటి చారు పోసి తెస్తే అందులో గుడ్డు ఉన్నట్టే. కొన్ని రకాల చీజ్ తయారీలో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. నిష్ఠగా ఉండేవాళ్లు అదీ అడగాలి. పాలకూర, చీజ్ పెట్టి కాల్చే స్పనకోపితాలో ఒక్కోచోట గుడ్డు కలుపుతారు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. గ్రీకు క్రైస్తవులకి ఉపవాసాలు ఎక్కువ. బుధవారం, శుక్రవారం, ఈస్టరుకి ముందు దీక్షరోజులు... అప్పుడు మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. మన కార్తికమాసం నియమాల్లాంటివే. ఆ రోజుల్లో తినే వంటలని ‘నిస్తీసిమా’ అంటారు. వడ్డించే మనిషి గ్రీకువాడైతే ఆ ఒక్క మాట అంటే చాలు, మొహం వెలిగిపోతుంది. కాకపోతే వాళ్ల ఉపవాసానికి రొయ్యలు, ఆక్టోపస్ అడ్డురావు! పెద్దావిడకి ఉపవాసం వంట అని చెప్పి ఆక్టోపస్ కాళ్లు తెచ్చిపెట్టకుండా ముందే చెప్పుకోవాలి.

రేకు వాళ్లదీ... మనదీ

చివర్లో వచ్చే బక్లావా దగ్గర గోదావరి వాళ్లు కాసేపు ఆగుతారు. పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో పప్పుల పొడి, పైన తేనెపాకం. ఆ పొరని గ్రీకులు ‘ఫిల్లో’ అంటారు. అంటే ఆకు. మనం ‘రేకు’ అన్నాం. పూతరేకులో రేకు! ఎక్కడివాళ్లు అక్కడ, ఎవరిని చూసి ఎవరూ నేర్చుకోకుండానే, తినే వస్తువుని కాగితమంత పలచగా చేసి దానికి చెట్టు మీది పేరే పెట్టుకున్నారు.

చెయ్యడంలో మాత్రం పోలిక లేదు. ఫిల్లో గోధుమపిండి. సన్నటి పొడవాటి కర్రతో ఒత్తుతూ, సాగదీస్తూ పలచన చేస్తారు. మరలు వచ్చాక ఆ పని సులువైంది. అమెరికాలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా ఫ్రీజర్లో ఫిల్లో పెట్టె ఉంటుంది. ఆత్రేయపురంలో కథ వేరు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. నీళ్లలాంటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒక్కసారి లాగితే, రెప్పపాటులో రేకు లేస్తుంది. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఆ లెక్క చేతికే తెలియాలి. చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వేడికీ పొగకీ ఎదురుగా గంటల తరబడి కూర్చుంటారు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు ఆ పేరుతో పెట్టెలు విమానాలెక్కుతున్నాయి. పొయ్యి ముందు కూర్చునే మనిషికి దాంట్లోంచి ఎంత అందుతోందన్నది కొనేవాళ్లు అడగని ప్రశ్న.

బక్లావా తిన్న పెద్దావిడ, ‘‘బాగానే ఉందిగానీ మన మడతకాజాకి దగ్గర’’ అంటుంది. ఆ మాటా నిజమే. పొర పొరకీ మధ్య పాకం నిలవడంలో తాపేశ్వరం వాళ్ల పనితనం గ్రీకులకేం తీసిపోదు.

వచ్చినవాడే చుట్టం

గ్రీకు భాషలో ‘క్సెనోస్’ అనే మాటకి రెండర్థాలు. ఊరూపేరూ తెలియని పరాయివాడు అని ఒకటి, అతిథి అని ఇంకోటి. రెండింటికీ ఒకటే మాట చాలనుకున్నారు! ఈ సంగతి విన్న కోనసీమ వాళ్లకి ఒక్కరే గుర్తొస్తారు... డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలుగా వచ్చి, ఏరు దాటడానికి ఆ దారిన వెళ్లేవాళ్లకి వేళ కాని వేళలో కూడా వండి వడ్డించారు. కులం అడగలేదు, ఊరడగలేదు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకలకి రమ్మని పిలుపొస్తే ఆవిడ వెళ్లలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1909లో కన్నుమూశారు. వైనతేయ మీద గన్నవరం అక్విడక్ట్‌కి ఆవిడ పేరే పెట్టారు.

తేడా ఒకటుంది. గ్రీకులు ఆ మర్యాదనే వ్యాపారం చేశారు. అందులో తప్పేం లేదు. ఊరుకాని ఊళ్లో వాళ్ల వంట బతికింది అందువల్లే. గోదావరి వాళ్లు వంటని ఇంట్లోనే ఉంచుకున్నారు. అమెరికాలో తెలుగు హోటళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. బిర్యానీ దొరుకుతుంది, దోసె దొరుకుతుంది, గోంగూర మాంసం కూడా దొరుకుతుంది. పొట్టిక్క, దిబ్బరొట్టె, పనసపొట్టు కూర కావాలంటే మాత్రం అమ్మ రావాలి. ఆవిడ ఉండేది మహా అయితే ఆరు నెలలు.

హాల్‌స్టెడ్ వీధి కూడా మునుపటిలా లేదు. సగనాకీకి నిప్పు పెట్టిన పార్థినాన్ 2016లో మూతపడింది. ఇంకా కొన్ని పాత హోటళ్లూ పోయాయి. చుట్టుపక్కల స్థలాల ధరలు ఆకాశానికంటాయి, పొయ్యి దగ్గర నిలబడి పెంచిన పిల్లలు పెద్ద చదువులు చదివి వేరే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. గ్రీకుల చరిత్ర చెప్పే హెలెనిక్ మ్యూజియం 2011లో అదే వీధిలో కొత్త భవనంలోకి వచ్చింది. గ్రీక్ ఐలాండ్స్‌లో మాత్రం ఇప్పటికీ జనమే. ఊరి శివార్లలోని లాంబార్డ్‌లో దానికి ఇంకో శాఖ కూడా ఉంది. నేపర్‌విల్, అరోరా వైపు ఉండే తెలుగువాళ్లకి అదే దగ్గర.

అక్కడే పుట్టిన మనవరాలికి డొల్మాదెస్ అంటే తెలుసు. ఆర్డరు తనే చెబుతుంది. పొట్టిక్క అంటే మాత్రం, ‘‘అదేంటి అమ్మమ్మా?’’ అంటుంది. చెప్పడానికి పనసాకు లేదు. ఈనెపుల్ల లేదు. పళ్లెంలో మిగిలిన ద్రాక్షాకుని అమ్మమ్మ చేతిలోకి తీసుకుని వెడల్పు చూస్తుంది. మరీ చిన్నది, మెత్తన కూడా. పెరట్లో తీగ పెంచుకునేవాళ్ల దగ్గర ముదురాకు దొరికితే నాలుగు కాదు, ఆరు కలిపి కుట్టొచ్చేమో! పుల్లలు కావాలంటే బల్ల మీద టూత్‌పిక్‌లు ఉన్నాయి కదా. ఇంటికెళ్లేటప్పుడు ఇడ్లీ రవ్వ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని అల్లుడికి చెబుతుంది.